బోర్డుకి కుడి సగం

మా కాలేజీలో ఫిజిక్స్ గది గురించి శ్రీకాకుళంలో ఒక కథ తిరుగుతోంది. చనిపోయిన లెక్చరర్ ఒకాయన తెల్లవారకముందే వచ్చి, పిల్లలు బోర్డు మీద రాసి వదిలిన లెక్కలు చేసిపెట్టి వెళ్లేవాడట. ఈమధ్య ఎవరో కుర్రాడు ఆ గది తలుపు ముందు నిలబడి వీడియో కూడా తీశాడు. వెనకాల ఎక్కడిదో కుక్క ఏడుపు కలిపాడు. అది ఊళ్లన్నీ తిరిగి చివరికి గరివిడిలో నా ఫోన్‌కే వచ్చింది.

ఆ లెక్కలు చేసింది నేను. ఈ సంగతి ఇదివరకే కొందరికి చెప్పాను. చెప్పనిది ఇంకొకటి ఉంది. కథ చెప్పేవాళ్లెవరూ ఆయన భార్య ఊసెత్తరు. నేను పాడుచేసింది ఆవిడ మనశ్శాంతిని. ఇది ఆవిడ కోసం రాస్తున్నాను.

ఆయన దగ్గర నేను డిగ్రీ చదివాను. తర్వాత అదే కాలేజీలో ఆయన కింద లెక్చరర్‌గా చేరాను. అందరం ఆయన్ని సారు అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్లు. క్లాసులో లేచి నిలబడి నాకు అర్థం కాలేదు అని చెప్పడం వాళ్లకి చచ్చేంత సిగ్గు. అది చూసి సారు ఒక పద్ధతి పెట్టారు. గోడకే నల్లరంగు వేసిన పాత బోర్డు మాది. దానికి నడిమధ్యన తెల్ల పెయింటుతో నిలువుగా గీత గీయించారు. హోంవర్కులో ఏ లెక్క రాకపోతే ఆ లెక్కని సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఎడమ సగంలో రాసి వెళ్లిపోవాలి. పొద్దున పిల్లలు వచ్చేసరికి కుడి సగంలో అది చేసి ఉంటుంది. చివరి మెట్టు మాత్రం ఉండదు. అది పిల్లలే వేసుకోవాలి.

"పేరు రాయకండి," అనేవారు సారు. "తెలీనోడు ఎవుడో నాకొద్దు. తెలీనిది ఏటో సెప్పండి, సాలు."

ఆయన తెల్లవారుతూనే కాలేజీకి వచ్చేవారు. తడిగుడ్డతో నిన్నటి రాత తుడిచి, రెండుసార్లు గొంతు సవరించుకుని సుద్దముక్క పట్టేవారు. ముందు బొమ్మ, దాని మీద బలాల బాణాలు, ఆ తర్వాతే సూత్రం. జవాబు రాయకుండా ప్రశ్నని తుడిచేవారు కాదు. తనకి తోచని లెక్క వస్తే కుడివైపు "చూస్తున్నాను" అని రాసి వదిలేవారు. ఆ మాట అలాగే రోజుల తరబడి ఉండిపోయిన సందర్భాలు నాకు తెలుసు. పిల్లలు దాని పక్కనుంచే నోట్సు రాసుకునేవాళ్లు.

ఒక వానాకాలంలో ఆయన హఠాత్తుగా పోయారు. రాత్రి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. వాళ్లది బాప్టిస్టు మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. పాతిపెట్టిన రోజున వర్షంలో గొడుగుల కింద నిలబడి, ఆయన తన ప్రయాసల నుంచి విశ్రాంతి పొందారని పాస్టరుగారు అంటే, అందరం తలలూపాం.

కాలేజీ మళ్లీ తెరిచిన రోజున నేను అందరికంటే ముందు వెళ్లాను. ల్యాబ్ నా చేతికిందే ఉంది కాబట్టి వెనక తలుపు తాళం నా దగ్గర ఉండేది. ల్యాబ్ లోంచి ఆ గదిలోకి ఒక తలుపు. తీసి చూసేసరికి ఎడమ సగంలో ఒక లెక్క ఉంది. వాలుతలం మీద జారకుండా దొర్లే స్తూపం, దాని త్వరణం కనుక్కోవాలి. సారు పోయిన సాయంత్రం ఎవరో రాసి వెళ్లింది. కుడి సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూస్తూ నిలబడలేకపోయాను. సుద్దముక్క తీసి చేశాను. చివరి మెట్టు రాయకుండా ఆపేశాను. అలా ఆపకపోతే అది ఆయన బోర్డు కాదనిపించింది.

నా చేతిరాత ఆయనదే. కాలేజీలో చేరేనాటికి నాది కోడి కెలికినట్టుండేది. ఆయన బోర్డు చూసి చూసి దిద్దుకున్నాను. ఈ సంగతి గుర్తుచేసుకునే అవసరం నాకెప్పుడూ రాలేదు, ఆ రోజు వరాండాలో పిల్లల మాటలు వినేదాకా.

"ఒరే, ఇది ఎవులు సేసినారు?"

"సారు రాతే కదరా. పోకముందు సేసుంటారు."

"ఎర్రోడా, ఆ లెక్క రాసింది నేను. ఆయన పోయిన సాయంత్రం రాసి బస్సెక్కినాను. తెల్లారి ఆయన రాలేదు కదా."

తర్వాత ఒకడు, "అయితే ఇంకో లెక్క రాసి సూడు. సారికి పైన కూడా ఖాళీ లేదేమో," అన్నాడు. నవ్వారు. ఆ నవ్వులో సగం భయమే. నేను స్టాఫ్ రూము గుమ్మంలోనే ఉన్నాను. నేనేరా చేశాను అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఏం అడ్డొచ్చిందో అప్పుడు నాకే తెలియలేదు. సాయంత్రానికి ఎడమ సగంలో మరో లెక్క ఉంది. మర్నాడు అదీ చేశాను.

ఏం అడ్డొచ్చిందో ఇప్పుడు చెప్పగలను. నా క్లాసులో పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. సందేహాలు అడగండర్రా అంటే తలలు దించుకునేవాళ్లు. ఫోన్లో అడిగితే జవాబు చివరి మెట్టుతో సహా వస్తుంది, ఇక నాతో పనేముంది? ఆ బోర్డు ముందు మాత్రం వాళ్లు చెప్పులు బయట విడిచి నిలబడుతున్నారు. చేతులు కట్టుకుని, ఒక్కొక్క మెట్టూ పెదాలతో చదువుకుంటున్నారు. అది నా లెక్క. నా పేరు మీదైతే ఎవరూ చూడని లెక్క. ఆ రుచి మరిగాను.

నేనుండే గరివిడి నుంచి మొదటి రైలుకి బయల్దేరేవాణ్ని. అప్పటికి ఇంకా చీకటి విడిపోదు. ఫ్యాక్టరీ కొలిమి వెలుగు కిటికీ ఊచల మీద ఎర్రగా పడి వెనక్కి పోయేది. ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం ఆటో పట్టుకుని, వెనక తలుపులోంచి దూరి, లెక్క చేసి, మళ్లీ వెనకనుంచే బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడేవాణ్ని. అందరితోపాటు ముందు గేటులోంచి మళ్లీ లోపలికి వచ్చేవాణ్ని. ముందు తలుపు తీసేది మా అటెండరు. అరసవల్లి నుంచి వచ్చే పెద్దావిడ.

"బాబూ, రాత్రి తాళమేసింది నానే, పొద్దున్న తీసింది నానే," అంది ఒకనాడు. "సూస్తే బోర్డు తడిగున్నాది. ఎవులొస్తన్నట్టు?"

"వానాకాలం కదా, గోడలు చెమ్మెక్కుతాయి," అన్నాను.

"సెమ్మకి లెక్కలొస్తాయేటి బాబూ?"

నవ్వేసి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి ఆమె ఆ గది తుడవడం మానేసింది. గుమ్మం దాకా ఊడ్చి, చీపురు అక్కడే వదిలి వచ్చేసేది.

చలి మొదలయ్యేసరికి నాలో ఏదో మారింది. ఒక ఉదయం పల్చటి నూనెపొర మీద రంగులు ఎందుకు కనిపిస్తాయన్న లెక్క చేస్తున్నాను. సుద్ద పట్టుకోబోతూ గొంతు సవరించుకున్నాను. రెండుసార్లు. ఖాళీ గదిలో ఆ చప్పుడు నాది కాదు. వెనక్కి తిరిగి చూశాను. బెంచీలు, కిటికీ, బయట సరుగుడు చెట్ల మధ్య మంచు. మళ్లీ బోర్డు వైపు తిరిగేసరికి రెండో వరుస రాసి ఉంది. నేనే రాసి ఉండాలి, వేళ్లకి సుద్ద ఉంది. కానీ రాసిన గుర్తు లేదు. ఆ పద్ధతి నేను క్లాసులో చెప్పేది కూడా కాదు. నేను సూత్రంతో మొదలుపెడతాను. అక్కడ వెలుగు కిరణం ఒక్కటి రెండుగా చీలి వస్తున్న బొమ్మ ఉంది, ఆయన వేసే బొమ్మ.

ఇంట్లో మా ఆవిడ, "ఏటి, ఈమధ్య మీ సారులాగ దగ్గుతన్నారు?" అంది. జలుబన్నాను.

అప్పుడైనా మానలేదు. కథ కాలేజీ దాటి ఊళ్లోకి పోయింది. ఊళ్లోంచి చర్చికి పోయింది. ఒక సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయే వేళ, సారు భార్య కాలేజీకి వచ్చారు. ఆవిడ ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నా చదువు రోజుల నుంచీ నాకు ఆవిడ మేడమే.

"బాగున్నారా మేడమ్?"

"ఏదో ఉన్నాను బాబూ. ఆయన గదిలో కాసేపు కూకుంటాను. పర్లేదు కదా?"

పర్లేదన్నాను. వెనక బెంచీలో కూర్చున్నారు. బోర్డు వైపే చూస్తున్నారు. ఆవిడకి ఊరట దొరుకుతోందని నేననుకున్నాను. ఆ ఊరట నేనిస్తున్నానని కూడా అనుకున్నాను. రైలుకి టైమవుతోందని వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఎడమ సగంలో రెండు రాతలు ఉన్నాయి. పైది పిల్లలది. ఊపు క్రమంగా తగ్గిపోయే అవరుద్ధ డోలనాల పాఠం నుంచి. సమీకరణం ప్రకారం కంపన పరిమితి తగ్గుతూ పోవడమే కానీ ఎప్పటికీ సున్నా కాదు కదా సార్, మరి లోలకం ఎలా ఆగుతుంది అని. మంచి ప్రశ్న. దాని కింద, బోర్డు అంచున, మరో చేతిరాత.

"ఇంక చాలండి. పడుకోండి."

అది ఎవరిదో తెలియదని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. చూసిన క్షణంలోనే తెలిసింది. ఏ పిల్లాడూ లెక్చరర్ని పడుకోమని రాయడు. ఆ అక్షరాలు ఒకే ఎత్తులో, పలక మీద చిన్నపిల్లలకి దిద్దించే అక్షరాల్లా ఉన్నాయి. పొట్టివాళ్లు చెయ్యి ఎంత ఎత్తగలరో అంత ఎత్తులో ఉన్నాయి. వెనక బెంచీలో కూర్చుని ఆవిడ ఊరట పొందలేదు. చచ్చిపోయాక కూడా పని తప్పని మనిషిని చూస్తూ కూర్చున్నారు. పాస్టరుగారు చెప్పిన విశ్రాంతి ఆయనకి దొరకలేదని నమ్మారు. అడగాల్సింది ఆ బోర్డు మీదే అడగాలని, ఆయన పద్ధతి ప్రకారమే పేరు లేకుండా రాసి వెళ్లారు.

ఇదంతా నాకు అక్కడే అర్థమైంది. అర్థమయ్యీ, తడిగుడ్డ తీసుకుని ఆ వరుస తుడిచేశాను. పిల్లలు చూస్తే గొడవవుతుంది, నేను బయటపడాల్సి వస్తుంది. అంతే కారణం. తర్వాత లోలకం సంగతి తీరిగ్గా రాశాను. సమీకరణంలో లేని రాపిడి ఇరుసు దగ్గర ఉంటుందని, ఊపు బాగా చిన్నదయ్యాక ఆ రాపిడి దాన్ని పట్టేస్తుందని, బొమ్మ వేసి చూపించాను. ఆ ఏడాది నేను చేసినవాటిలో అది చాలా మంచి జవాబు.

గుడ్డ పిండబోతుంటే ముందు తలుపు తాళం చప్పుడైంది. రోజూ కంటే ముందే. ల్యాబ్‌లోకి తప్పుకుని తలుపు దగ్గరగా వేశాను. సందులోంచి కనిపిస్తోంది. అటెండరు గుమ్మంలోనే ఆగిపోయింది. మేడమ్ లోపలికి వచ్చారు. నేరుగా ఆ అంచు దగ్గరికి వెళ్లారు. కుడివైపు జవాబు చూశారు, ఎడమవైపు కింద చూశారు. తుడిచిన చోట అరచెయ్యి ఆనించారు.

"తడిగున్నాది," అన్నారు.

"నాను ముట్టుకోలేదమ్మా," అంది అటెండరు.

"సదివినారు. సదివి తుడిసేసినారు."

ఏడుపు లేదు. హాజరు పిలిచినప్పుడు ఉండే గొంతు. అరచెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లిపోయారు. నేను తలుపు వెనకే ఉన్నాను. చేతిలో గుడ్డ లోంచి నీళ్లు నా పాదాల మీద పడుతున్నాయి. ఒక్క అడుగు బయటికి వేస్తే చాలు. వెయ్యలేదు.

అప్పటినుంచీ లెక్కలు చెయ్యడం మానేసినా ఆవిడకి శాంతి దొరికేది. తన మాట విని ఆయన పడుకున్నారనుకునేవారు. ఉన్నట్టుండి మానేస్తే అనుమానం వస్తుందని సాకు చెప్పుకుని నేను అదీ చెయ్యలేదు. మానబుద్ధి కాలేదు, నిజం అదీ.

ఏడాది దగ్గరపడింది. సమాధి మీద రాయి పెట్టించి ప్రార్థన చేయించడం వాళ్లలో ఆనవాయితీ. పాస్టరుగారు నాకు ఫోన్ చేశారు.

"రాయి వచ్చీసింది. సెక్కేవోడు కూడా సిద్ధం. ఆవిడే ఒప్పుకోవట్లేదు. మీరు ఆయన శిష్యులు కదా, ఓ మాట సెప్పి సూడండి."

"ఎందుకు వద్దంటున్నారు?"

"'ప్రభువునందు నిద్రించుచున్నారు' అని రాయిస్తాం కదా. నిద్రపోనాయన మీద నిద్రపోతన్నారని అబద్ధం ఎలా సెక్కిస్తామని అంటన్నారు. చర్చికి కూడా రావట్లేదు."

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. ఎండ కాస్తున్నా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మేడమ్ బాగా చిక్కిపోయారు. తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది, లోపల ఒకదాని తర్వాత ఒకటి గడియలు తీస్తున్న చప్పుడు.

కూర్చోమని కూడా అనకముందే చెప్పేశాను. "మేడమ్, ఆ లెక్కలు సారు చెయ్యట్లేదు. నేను చేస్తన్నాను."

ఆవిడ నా మొహం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశారు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ నేనే."

"మరి రాత?"

"ఆయన్ని చూసి నేర్చుకున్నదే."

గోడకున్న క్యాలెండరు నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టారు. పెన్ను ఇచ్చారు. "సూస్తన్నాను అని రాయి," అన్నారు.

చూస్తున్నాను, అని రాశాను. అది ఆయన రాతే. ఆవిడ కాగితాన్ని చాలాసేపు చూసి బోర్లించేశారు, ఎవరి మొహమో కప్పినట్టు.

"ఆయనైతే తుడవరు బాబూ," అన్నారు. "తెలీకపోతే ఈ మాట రాసీవోరు. నా రాత తుడిసేసున్నాదని సూసిన పొద్దు నాకేటనిపించిందో తెలుసా? ఇది ఆయన కాదు. ఆయన రాత ఏసుకుని మరేదో వస్తన్నాది. నాను రాసింది అది సదివింది. నాను ఒకదాన్ని ఉన్నానని దానికి తెలిసిపోయింది. ఆయన ఎక్కడున్నారో, ఆయన్నేటి సేసి ఆ రాత తీసుకుందో. అప్పట్నించీ తెల్లారగట్ట తలుపు దగ్గర ఎవులో గొంతు సవరించుకున్నట్టే ఉంటాది. గడియ మీద గడియ పెట్టుకుంటన్నాను."

అన్ని నెలలూ తెల్లవారుజామున ఈ ఇంట్లో ఆవిడ మేలుకుని భయపడింది నాకే.

"నాను రాసినానని నీకు తెల్సా? తెలిసే తుడిసినావా?"

నేను చెప్పడానికి వచ్చింది ఇదే. ఆవిడ అడగను కూడా అడిగారు. నోరు తెరిచాను.

"తెలీదు మేడమ్. పిల్లలెవరో ఆటపట్టిస్తన్నారనుకున్నాను."

ఆవిడ మొహంలో బిగువు సడలింది. "అలగైతే నీ తప్పేటుంది," అన్నారు. "పిల్లల లెక్కలే కదా సేసినావు. ఆయన బతికుంటే సంతోషించీవోరు." లేచి కిటికీ తీశారు. టీ పెట్టి ఇచ్చారు. నేను తాగాను.

రాయి పెట్టారు. ప్రార్థన రోజున నన్ను ముందు వరుసలో నిలబెట్టి, మా ఆయన శిష్యుడు, కొడుకులాంటోడు అని చర్చివాళ్లకి చూపించారు. కాలేజీలో పిల్లలకి కూడా చెప్పేశాను, ఆ లెక్కలు నావేనని. కొందరు నవ్వారు. కొందరు నమ్మలేదు, ఇప్పటికీ నమ్మరు. ఇప్పుడు వాళ్ల లెక్కలు పట్టపగలు వాళ్ల ముందే చేస్తున్నాను. పొద్దున ఒంటరిగా ఆ గదిలో అడుగుపెట్టను. సుద్ద పట్టుకునే ముందు గొంతు సవరించుకోవాలనిపిస్తే మింగేస్తాను.

మేడమ్‌కి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ఆదివారాలు మధ్యాహ్నం వెళ్లి పేపరు చదివి వినిపిస్తుంటాను. క్షమించిన మనిషితో మాట్లాడినట్టు నాతో మాట్లాడతారు. ఆ క్షమ నేను అబద్ధం చెప్పి తీసుకున్నది. ఆవిడ రాత నాకు తెలుసు. తెలిసే తుడిచాను. ఇది అచ్చుకి ఇచ్చేముందు ఆవిడకి వినిపించాలి. తనంతట తను చదువుకోలేరు కాబట్టి నేనే చదవాలి.

నిన్న ఫోన్ చేశాను. ఒకటి రాశాను, మీకు చదివి వినిపించాలి, ఆదివారం దాకా ఆగలేను, రేపే వస్తానన్నాను.

"ఆయన గురించేనా?" అన్నారు.

"కాదు మేడమ్. నా గురించి. ఆ రోజు మీరు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు."



"సరే, రా," అన్నారు. "పొద్దున్నే మాత్రం రాకు."